తీరికవేళల ఓడలు

సువర్ణరేఖా నదియు ఖర్కాయీ నదియు కలియు దోముహానీకడ నిలిచి చూచినవారికి ఓడ యన్నది కనుపింపదు. వానకాలమున ఎఱ్ఱని వరదనీరు, వేసవిని ఇసుకతిన్నెలును బండరాళ్లును, అంతే. జంషెడ్‌పూరు సముద్రమునకు దూరముగ, ఛోటానాగపూరు పీఠభూమిపై వెలసిన ఇనుపపట్టణము. అయినను రేవులేని ఈ ఊరి ప్రక్కగా పారు నీరే ఒరిస్సా తీరమున బంగాళాఖాతమును చేరుచున్నది. 17వ శతాబ్దమున ఆ నదీముఖమున పిప్పిలి యను రేవుపట్టణ ముండెడిది. పోర్చుగీసువారును, డచ్చివారును, ఇంగ్లీషువారును అచ్చట సరకు దింపిరి. తరువాత నది మేటవేసి ఆ రేవును మ్రింగివేసెను.

ఊరికి పేరిచ్చిన జంషెట్జీ టాటాయు ఓడల విషయమున ఒకమారు చేయి కాల్చుకొన్నవాడే. బొంబాయినుండి తూర్పుదేశములకు నూలు మోయుటకు పి. అండ్ ఓ. కంపెనీ అడుగు బాడుగ అధికమని తలచి, ఆయన 1893లో జపానుకు పోయి నిప్పన్ యూసెన్ కైషా యను ఓడల కంపెనీతో ఒడంబడిక చేసికొని, తన పేర ఒక ఓడల వరుసను నడిపించెను. పెద్ద కంపెనీ తన బాడుగలను ఒక్కసారిగా నేలకు దింపుటతో ఆ ప్రయత్నము ఆగిపోయెను. ఆయన తలపెట్టినవానిలో ఉక్కు నిలిచినది, ఓడ నిలువలేదు. ఆయన 1904లో కాలధర్మము చెందిన పిమ్మట, 1911 డిసెంబరు 2వ తేదీన సాక్చీలో మొదటి కొలిమి రగిలెను; 1912 ఫిబ్రవరి 16వ తేదీన తొలి ఉక్కుదిమ్మ వెలువడెను. 1919 జనవరి 2వ తేదీన రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌పూరని పేరు పెట్టెను.

ఆ ఉక్కును నమ్ముకొని వచ్చినవారిలో తెలుగువారు తొలినాళ్లనుండియు కలరు. గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి రైలెక్కి, తరువాత టాటానగరమని పేరు మారిన కాళీమాటి స్టేషనులో దిగిన కుటుంబము లెన్నియో. బిష్టుపూరునందలి ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారి కూడికకు నేటికిని నిలిచిన గుర్తు. 1950 నవంబరు 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధనశాల మొదలుకొని రైల్వే, తపాలా కార్యాలయములవరకు కేంద్రప్రభుత్వోద్యోగులు వారికి తోడైరి. కళింగపట్టణము, భీమునిపట్టణము, బారువ తీరముల గాలి పీల్చి పెరిగినవారికి కొలిమిగాలి పడినది.

సెప్టెంబరు 17వ తేదీన విశ్వకర్మపూజనాడు ఈ ఊరిలో యంత్రములకును పనిముట్లకును జరుగు అలంకారమును చూచినవారికి ఒక సంగతి తట్టకపోదు. పనిముట్టును దేవతగా కొలుచువాడు పనివేళ ముగియగానే దానిని మరచువాడు కాడు. కాగితపు ఫైలు పట్టిన చేయియైనను, ఆకురాయి పట్టిన చేయియైనను సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట తనకొరకై ఏదో ఒకటి చేయగోరును. ఒకరు తపాలాబిళ్లలు కూర్తురు. ఒకరు అగ్గిపుల్లలతో వంతెనలు కట్టుదురు. మరియొకరు బెండుతోను చెక్కతోను పడవలు చెక్కుదురు. దీనిని ఆంగ్లమున హాబీ యందురు. తెలుగున వ్యాపకమనియు వినోదవ్యాసంగమనియు అనుచున్నాము గాని ఏ మాటయు పూర్తిగా అతుకలేదు. వ్యాపకమనిన కొంత బరువు, వినోదమనిన కొంత తేలిక.

ఇట్టి సరదాలకు చరిత్రలో తావెక్కడిదని అడుగువారుందురు. రాజులకును యుద్ధములకును పీట వేసిన చరిత్ర తీరికవేళల పనికి చోటిచ్చినది తక్కువయే. కాని ఆ తక్కువలోనే తెలుగువారికి మిక్కిలి సంబంధించిన ఘట్టమొకటి కలదు. తెలుగువాడు కట్టి, తెలుగువాడు నడిపి, కాగితముపై మాత్రము గీసి పెట్టుకొనని ఒక ఓడ రూపము, పరదేశి నావికు డొకని అభిరుచివలనను, అతడు తాను చూచినదానిని తనయొద్దనే దాచుకొనక పదిమందికి పంచుటవలనను నేటికి మిగిలినది.

పదిమందికి పంచుట తెలుగింటికి క్రొత్త కాదు. సంక్రాంతికో, దసరాకో పెట్టు బొమ్మలకొలువు అట్టిదే. మెట్లుమెట్లుగా బల్లలు అమర్చి, తెల్లని వస్త్రము పరచి, ఏడాదిపొడుగున పెట్టెలో దాచిన బొమ్మలను తీసి నిలుపుదురు. మొదటి మెట్టున దేవతలు, క్రింది మెట్టున ఎడ్లబండి, పాలమ్మి, తాడిచెట్టు నెక్కు గీతకారుడు. పిల్లలు ఇసుకతో పొలము చేసి, ఆవాలు చల్లి మొలకలెత్తించి, అద్దపుముక్కను చెరువుగా పరచి దానిపై కాగితపు పడవను నిలుపుదురు. ఇరుగుపొరుగువారిని పేరంటమునకు పిలిచి చూపింపనిచో అది కొలువే కాదు. కొండపల్లి బొమ్మను చూడుడు: తేలికైన తెల్లపొణికి కొయ్యను చెక్కి, వెచ్చజేసి ఆరబెట్టి, అవయవములను వేర్వేరుగ చేసి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, పిమ్మట రంగు వేయుదురు. వరాహనది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన పట్టి లక్కరంగు లద్దుదురు. ఊరి బ్రతుకును చిన్న కొలతకు తగ్గించి చూపుటయే ఈ శిల్పము. సీమవారు నమూనా లనునవి తెలుగింట కొలువుమెట్లపై ఏనాడో కూర్చున్నవి.

ఉద్యోగమునకు వెలుపల చేసిన పని ఉద్యోగమును మించి నిలుచుటయు కలదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కంపెనీ కొలువులో అధికారి. తెలుగు తాళపత్రములు కూర్చుమని ఆయనను ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. సొంతసొమ్ముతో పండితులను పెట్టుకొని వ్రాతప్రతులు సేకరించి, వానిని చెన్నపట్టణపు గ్రంథాలయమున కిచ్చి, 1850ల ఆరంభమున నిఘంటువును ప్రకటించెను. ఆయన ఇచ్చిన తీర్పులు ఎవరికిని గుర్తులేవు. ఇక జంషెడ్‌పూరువారికి ఆత్మీయుడైన జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10వ తేదీన విమానము నడుపుటకు అనుమతిపత్రము పొందినది సరదాకొరకే. ఆ సరదాయే 1932 అక్టోబరు 15వ తేదీన కరాచీనుండి బొంబాయికి తపాలాసంచులతో ఎగిరి, ఈ దేశపు విమానయానమునకు నాంది యయ్యెను.

ఇక ఓడ సంగతి.

గౌతమీ గోదావరి సముద్రమును చేరు ప్రాంతమున, యానామునకు సమీపమున కోరంగి కలదు. నేడు అది మడయడవులకు ప్రసిద్ధము. 1978లో ఆ అడవులు అభయారణ్యముగ ప్రకటింపబడినవి. కాని 18వ శతాబ్దమునను 19వ శతాబ్దపు పూర్వార్ధమునను కోరంగి యన్న ఓడలు కట్టు తావు, ఓడలు బాగుచేయు తావు. 1802లో ఎబెనేజరు రోబక్ అను దొర అచ్చట ఓడల మరమ్మతునకై ఒక డాకు నిర్మించెను. బర్మాకు పోయిన తెలుగువారిని, వారు ఏ ఊరివారైనను, రంగూనులో కోరంగీ లనియే పిలిచిరి. ఒక రేవుపేరు ఒక జాతిపేరగుట సామాన్యము కాదు.

ఆ తీరమున ఓడవిద్య అప్పటికే పాతది. క్రీ.శ. 2వ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి తన సీసపు నాణెములపై రెండు కొయ్యల ఓడను ముద్రించెను. వ్రేలిగోటిపై నిలుచునంతటి ఆ ఓడయే తెలుగుదేశమున మనకు దక్కిన మిక్కిలి చిన్న నమూనా యనవచ్చును. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనము వేయించి, గాలివానకు చెదరి ఒడ్డున పడిన ఓడల సరకును రాజు హరింపడని సముద్రవర్తకులకు అభయమిచ్చెను. 17వ శతాబ్దమున థామస్ బౌరీ యను ఇంగ్లీషు నావికుడు నరసాపురమున కలపసమృద్ధిని, ఓడలు కట్టు నేర్పును ప్రశంసించి వ్రాసెను. గోదావరి ఎగువనున్న టేకు నీటిపై తేలి దిగువకు వచ్చెడిది. నేర్పు తండ్రినుండి కొడుకునకు వచ్చెడిది. ఈ రెంటిలో మొదటిదానికి మాత్రమే లెక్కలు వ్రాసినవారున్నారు.

కోరంగిని సముద్రము రెండుమారులు తుడిచిపెట్టినది. 1789 డిసెంబరులో వరుసగ వచ్చిన మూడు పెద్ద కెరటములకు సుమారు 20,000 మంది మరణించిరని చెప్పుదురు. 1839 నవంబరు 25వ తేదీ ఉప్పెనలో పోయిన ప్రాణములకు లెక్క చెప్పినవారందరును ఒకే లెక్క చెప్పలేదు. ఈ కోరంగి గాలివాన వృత్తాంతమును శ్రద్ధగ పరిశీలించినవారిలో హెన్రీ పిడ్డింగ్టన్ ఒకడు. ఒకప్పటి ఓడ కెప్టెను, తరువాత కలకత్తాలో నౌకావ్యవహారముల న్యాయాధికారి. గాలివానల లెక్కలు ఆయన స్వంత ఆసక్తి. ఓడల దినచర్యపుస్తకములు తెప్పించుకొని, ఏ గంటకు ఏ ఓడపై ఏ దిక్కునుండి గాలి వీచెనో కూర్చి, గాలివాన సుడివలె తిరుగునని చూపి, 1848లో దానికి సైక్లోను అని పేరు పెట్టెను. అంతటితో ఆగక నావికులకొరకు వ్రాసిన పుస్తకములో, పలుచని కొమ్మురేకుపై గాలివాన చక్రమును గీయించి జతపరచెను. నావికుడు ఆ పారదర్శకమగు రేకును సముద్రపటముపై పెట్టి జరుపుచు, తన ఓడ సుడికి ఏ వైపున నున్నదో తెలిసికొనవచ్చును. అరచేతిలో ఇమిడెడి తుపాను! అదియు ఒక నమూనాయే.

తుపానులకంటె మెల్లగ, కాని నిశ్చయముగ, ఒండ్రు కోరంగిని చంపినది. పిప్పిలికి పట్టిన గతియే దీనికిని పట్టినది. లోతు తగ్గినకొలది ఓడలు కాకినాడవైపునకు మరలినవి. ఓడలు కట్టు వడ్రంగులుమాత్రము తాళ్లరేవు పరిసరముల చాలకాలము నిలిచిరి. కొయ్య ఓడల పని అచ్చట 20వ శతాబ్దమునను సాగినది.

ఆ వడ్రంగులు కట్టిన ముఖ్యమైన ఓడ దోనె. ఏటిలోని చిన్న దోనెతో దీనిని పొరపడరాదు. కోరమాండల్ తీరపు దోనెనుగూర్చి, ట్రింకోమలీ నౌకాశాలలో ప్రధాన ఓడవడ్రంగిగా పనిచేసిన జాన్ ఎడై 1830లలో రాయల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసిన వర్ణన కలదు. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు చదునుగ నుండి, వెడల్పైనచోట 7 అడుగులుండి, ముందునకును వెనుకకును సన్నగిలిపోవును. ఖాళీగ నున్నప్పుడు 4 అడుగుల నీరును, సరకుతో 9 అడుగుల నీరును పట్టును. ఒకే తెరచాపకొయ్య. చూపునకు పెట్టెవంటిదని ఎడై అభిప్రాయము. ఆయన మాటలలో కొంత చిన్నచూపు లేకపోలేదు. కాని చదునైన అడుగు మోటుతనము కాదు, తీరమును ఎరిగిన బుద్ధి. ఒండ్రుతో పూడు ఏటిముఖమున, పోటునీటికి వచ్చి ఆటునీటికి బురదపై కూర్చొనవలసిన ఓడకు కోసుగ నున్న అడుగు పనికిరాదు; అది ప్రక్కకు ఒరిగిపోవును. దోనె నేలపై నిటారుగ కూర్చుండును.

ఎడై కొలతలు ఇచ్చెను. రూపము నిచ్చినవాడు మరియొకడు. ఫ్రాంస్వా ఎద్మోఁ పారీ 1806లో పుట్టిన ఫ్రెంచి నౌకాధికారి. 1830 ప్రాంతమున కెప్టెన్ లాప్లాసు నడిపిన లా ఫావొరీతు అను యుద్ధనౌకపై ప్రపంచయాత్ర చేయుచు అతడు కోరమాండల్ తీరమునకు వచ్చెను. అతని కొలువు యుద్ధనౌకపై. రేవు చేరి తీరిక దొరకిన వెంటనే అతడు మాత్రము టేపును కాగితమును పట్టుకొని బెస్తవాని తెప్పకడకును, వర్తకుని దోనెకడకును పోయెడివాడు. పొడవు కొలుచుట తేలిక. ఓడ వంపును కొలుచుటయే కష్టము. దానికి ఓడ పొడవునను నిర్ణీతమైన దూరములకు గుర్తులు పెట్టి, ప్రతి గుర్తుకడను నడిమిగీతనుండి ప్రక్కపలక ఎంతదూరమున నున్నదో పలు ఎత్తులలో కొలువవలెను. ఆ అంకెలను కాగితముపై పెట్టి కలిపినచో వంపు తనంతట తేలివచ్చును. ఇట్లు మూడు ప్రపంచయాత్రలలో కూడబెట్టినదానిని పారీ 1840ల ఆరంభమున ఐరోపేతర జాతుల నౌకానిర్మాణముపై ఒక మహాగ్రంథముగ ప్రకటించెను. నూరుకు మించిన పటములుగల ఆ గ్రంథమున చీనా జంకులు, అరబ్బుల బగ్లాలు, మలయా ప్రోవుల సరసన కోరంగి దోనెయు నిలిచినది.

పరాయివాని కంటికి ఆనినది మనవారి కంటికి ఆనకపోవుటలో వింత లేదు. ఇంటిముందటి ముగ్గును ఎవరు కొలుతురు? దోనెను కట్టిన వడ్రంగికి పటముతో పని లేదు. పటము అతని కంటిలోను చేతిలోను ఉన్నది. అతని కుమారునకును అట్లే అబ్బినది. ఆ కుమారుని కుమారుడు వేరుపనికి పోయిననాడు కాని పటము లేనిలోటు తెలియదు. అప్పటికి అడుగుటకు మనిషి ఉండడు.

పారీ గ్రంథముతో ఆగలేదు. 1871లో అతడు పారిస్ లూవ్రు భవనమునందలి నౌకాప్రదర్శనశాలకు అధిపతియై, 1893లో మరణించువరకు ఆ పనిలోనే నుండి, తాను ఏకొలతలు గైకొన్నాడో వానిననుసరించి దేశదేశముల పడవలకు పెక్కు నమూనాలు చేయించెను. యౌవనమున రేవుగట్లపై నిలిచి గీసినది వార్ధక్యమున కొయ్యరూపము దాల్చి, చూడవచ్చు ప్రతివాని ఎదుట నిలిచినది. దాదాపు 80 సంవత్సరముల తరువాత మద్రాసు మత్స్యశాఖకు అధిపతిగ నుండిన జేమ్స్ హార్నెల్, భారతీయపడవల రూపములపై 1920లో తన పరిశోధనను ప్రకటించునప్పుడు పాతవారి వ్రాతలతో సరిపోల్చి చూచుటకు వీలైనది. ఒకని సంచిలోనే ఉండిపోయిన బొమ్మలు ఇంకొకనికి ఆధారము కాజాలవు.

చిన్న ఓడలు చేయు కోరిక మనిషికి మిక్కిలి పాతది. 1920లో హెర్బర్ట్ విన్‌లాక్ ఈజిప్టునందు మెకెత్రె యను మంత్రి సమాధిలో తెరచాపలును, తెడ్లును, తెడ్లువేయు మనుష్యులును గల కొయ్యపడవలను కనుగొనెను. అవి దాదాపు 4,000 సంవత్సరములనాటివి. వానివలననే నైలునదిపై అప్పటి పడవలకు త్రాళ్లు ఎట్లు కట్టిరో తెలిసినది. చేసినవాడు పరలోకమునకై చేసెను. ఫలము ఇహలోకమునకు దక్కెను.

నమూనా యన్న ఆటవస్తువని తలచువారు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. అడుగునకు పావు అంగుళము, అనగా 48వ వంతు, అభిరుచిగలవారు తరచుగ వాడు కొలత. ఎడై చెప్పిన 70 అడుగుల దోనె ఈ కొలతకు పదిహేడున్నర అంగుళముల పొడవు, 5 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల లోతునకు వచ్చును. కొలువుమెట్టుపై హాయిగ కూర్చుండును. కాని బరువు అట్లు తగ్గదు. పొడవు 48వ వంతైనప్పుడు తెరచాప వైశాల్యము 2,304వ వంతగును. బరువు 1,10,592వ వంతగును. సరకుతో 100 టన్నులు తూగు ఓడ 900 గ్రాములకు దిగును. అందుచేతనే పిల్లలు చేసిన కాగితపు ఓడ అందముగ నుండియు చిన్నగాలికి బోర్లపడును: దానికి తగిన అడుగుబరువు ఉండదు. జూబిలీ పార్కునందలి జయంతీసరోవరమున పడవషికారు చేయువారు ఈ లెక్కను తెలియకయే అనుభవించుచుందురు. ఇద్దరు ఒకే ప్రక్కకు జరిగినచో పడవ నడుపువాడు ఊరకుండడు.

వేగమునకు వేరొక లెక్క. దీనిని తేల్చినవాడు విలియం ఫ్రూడ్ అను ఇంగ్లీషు ఇంజనీరు. రైల్వేపని చాలించుకొని ఇంటిపట్టున నుండి, 1860లలో డార్టు నదిపై హంస, కాకోలము అని పేర్లు పెట్టిన నమూనాపడవలను లాగి పరీక్షించెను. ఓడ లేపు కెరటములు సరిపోలవలెనన్న, వేగము పొడవునకు వర్గమూలమును అనుసరించి తగ్గవలెనని అతడు చూపెను. 48వ వంతు నమూనాకు వేగము ఇంచుమించు ఏడవవంతు చాలును. 7 నాట్ల వేగమున పోవు దోనెను పరీక్షించుటకు నమూనాను ఒక్క నాటు వేగమున, అనగా సెకనుకు అరమీటరు చొప్పున లాగిన చాలును. నమూనాలను నమ్మని పెద్దలు అప్పుడును ఉండిరి. అయినను నౌకాశాఖవారు ధనసహాయము చేయగా 1870ల తొలినాళ్లలో టార్కీలో ఫ్రూడ్ ఇంటిప్రక్కనే నీటితొట్టి నిర్మాణమయ్యెను. నేడు పెద్దఓడలు పెక్కు ముందుగ నమూనాలై తొట్టిలో ఈదిన పిమ్మటనే సముద్రమున దిగుచున్నవి. తెలుగునాట విశాఖపట్టణమున 1969లో ఏర్పడిన నౌకాశాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవుగల అట్టి తొట్టి కలదు. అదే విశాఖలో 1941 జూన్ 21వ తేదీన రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణశాలనుండి 1948 మార్చి 14వ తేదీన జల ఉష నీటిలోనికి జారినది. దానికి నీటి ద్వారము తెరచినవాడు నెహ్రూ. కోరంగికిని విశాఖకును నడుమ దూరము స్వల్పమే. కాని దోనె కట్టిన చేతికిని జల ఉష కట్టిన చేతికిని నడుమ కాగితము వచ్చి చేరినది.

జంషెడ్‌పూరు చేతులకు నమూనా చేయదగిన వస్తువులు కొదవలేవు. 1943లో తెరచిన హౌరా వంతెనలోని 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఇచ్చటివే. అందుకొరకు టిస్క్రోము అను ప్రత్యేకపు ఉక్కును ఇచ్చట తయారుచేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఈ ఊరి కవచపు రేకులతో తయారైన సాయుధశకటమునకు సైనికులు టాటానగరనియే పేరు పెట్టిరి. 1945లో ఏర్పడిన టెల్కో సంస్థ తరువాతి కాలమున మీటరుగేజి ఆవిరి యింజనులను నిర్మించినది. వీనిలో దేనికి నమూనా చేయదలచినను పటములు దొరకును, ఛాయాచిత్రములు దొరకును, అసలు వస్తువే ఎచ్చటనో ఒకచోట నిలిచియుండును. రివెట్ల సంఖ్యగూడ తప్పకుండ చేయవచ్చును. వంతెన బొమ్మను కట్టువాని కష్టము సహనముతో తీరును. దోనెను కట్టదలచువాని కష్టము అట్టిది కాదు.

పారీ పటము వంపును ఇచ్చును, కొయ్యను ఇయ్యదు. ఏ అతుకునకు ఏ చెట్టు, పలకల సందులలో ఏమి కూరి ఏ నూనె పూసిరి, అడుగుదూలమును పరచునాడు ఏ పూజ చేసిరి, ఇవి పటమునకు అందవు. అన్నిటికంటె ముఖ్యముగ పేర్లు అందవు. ఫ్రెంచివాడు ప్రతిభాగమునకును ఫ్రెంచి పేరే వ్రాసికొనును. తీరపువారి నోట ఓడ ముందుభాగము అణియము, వెనుకభాగము అమరము. చుక్కాని, తెరచాప, లంగరు, గెడ, తెడ్డు అందరు ఎరిగిన మాటలు. సరంగు, తండేలు, కళాసి పరభాషలనుండి వచ్చి మనవైన మాటలు. ప్రక్కటెముకవంటి వంపుకొయ్యకు, పలకను పలకకు బిగించు మేకునకు, ఓడను ఒడ్డుకు లాగునపుడు క్రింద పెట్టు దుంగకు పేర్లు బ్రౌను నిఘంటువులో వెదకినను అన్నియు దొరకవు. తాళ్లరేవు వైపు పెద్దవడ్రంగుల నాలుకపైనను, ఉత్తరాంధ్ర తీరమున కొబ్బరిత్రాటితో పలకలు కుట్టి పడవ చేసిన కుటుంబములలోను అవి దొరకవలెను. ఆ తీరములకు చెందిన ఇండ్లు జంషెడ్‌పూరులో ఒకటి రెండు కావు. సెలవునకు స్వగ్రామము పోవువారికి కొలబద్దయు, చిన్న పుస్తకమును బరువు కావు.

ఎడై వ్రాతలో మరియొక చిన్నసంగతి కలదు. దోనె నడుపువారు అక్షాంశమును తెలిసికొనుటకు ఒక చిన్న చదరపుపలక వాడెడివారట. దాని నడుమ ఒక దారము, దారమునకు అక్కడక్కడ ముడులు. ముడిని పంటితో పట్టి, దారము బిగియునట్లు పలకను ముందునకు చాచి, క్రిందియంచు సముద్రపు అంచునకును, పైయంచు ధ్రువనక్షత్రమునకును తాకునట్లు చూతురు. ఒక్కొక్క ముడి ఒక్కొక్క రేవు. ఏ ముడికి నక్షత్రము సరిపోయినదో ఆ రేవు ఎత్తునకు ఓడ వచ్చినట్లు. ఆ పలకను 48వ వంతునకు తగ్గించినచో ఆవగింజంత యగును, కంటికి ఆనదు. దోనె నమూనా చేయువారు దానినిమాత్రము అసలు కొలతకే చేసి, ముడులతో సహా ప్రక్కన పెట్టవలసియుండును.